ఫోన్ జారితే సీటు కదపం: తెల్లాపూర్ విమాన ప్రయాణికుల ప్రణాళిక

హైదరాబాద్ పడమర అంచున తెల్లాపూర్, నల్లగండ్ల, ఉస్మాన్‌నగర్, కొల్లూరు కాలనీల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటున్న మేము ఈ ప్రణాళికతో ఒక ఉద్యమాన్ని మొదలుపెడుతున్నాం. మా ఉద్యోగాలు నానక్‌రామ్‌గూడలో, గచ్చిబౌలిలో, హైటెక్ సిటీలో. మా పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో, లండన్‌లో, దుబాయ్‌లో, సింగపూర్‌లో. కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఎయిర్‌పోర్టు ఉన్న శంషాబాద్‌లో దిగుతాం. ఏ అర్ధరాత్రి చూసినా సూట్‌కేసులు నింపుకున్న క్యాబ్ ఒకటి ఈ వీధుల్లోంచి ఎయిర్‌పోర్టుకు బయలుదేరుతూ కనిపిస్తుంది. అందులో కూర్చున్న మనిషి దగ్గర ఆఫీసు ల్యాప్‌టాప్, సొంత ల్యాప్‌టాప్, ఒకటో రెండో ఫోన్లు, పిల్లల కోసం ట్యాబ్, పవర్ బ్యాంకు, స్మార్ట్ వాచీ, ఇయర్ బడ్స్ ఉంటాయి. విమానంలోకి లిథియం బ్యాటరీలను ఎక్కువగా మోసుకెళ్లే జనంలో మేమూ ఉన్నాం. కాబట్టి ఈ పనిని మొదలుపెట్టాల్సిన బాధ్యత మా మీదే ఎక్కువ.

మేము ప్రతి ప్రయాణికుడికీ చెప్పదలుచుకున్నది ఇది. విమానంలో మీ ఫోన్ సీటు సందులోకి జారిపోతే సీటును ముందుకో వెనక్కో కదపకండి. సందులో చెయ్యి దూర్చి లాగకండి. కాల్ బటన్ నొక్కి క్యాబిన్ సిబ్బందికి చెప్పండి. వాళ్లు వచ్చేదాకా ఆ సీటులో ఎవరినీ కదలనివ్వకండి. మొహమాటపడకండి.

ఇంత చిన్న సంగతికి ఉద్యమం ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఆకాశంలో జరిగినవి చెబుతాం.

2025 మార్చిలో ఎయిర్ ఫ్రాన్స్ బోయింగ్ 777 విమానం ఒకటి పారిస్ ఓర్లీ నుంచి కరీబియన్ దీవి గ్వాడెలూప్‌కు బయలుదేరింది. అట్లాంటిక్ మీదికి చేరేలోపే ఒక ప్రయాణికుడి ఫోన్ కనబడలేదు. సిబ్బంది వెతికారు, దొరకలేదు. పైలట్లు విమానాన్ని వెనక్కి తిప్పి ఓర్లీలోనే దింపారు. సాంకేతిక సిబ్బంది ఫోన్‌ను బయటికి తీశాక విమానం మళ్లీ బయలుదేరింది. వందల మంది ప్రయాణం గంటల కొద్దీ ఆలస్యమైంది, కారణం ఒక్క ఫోన్. ఆ నిర్ణయం సరైనదని మేము నమ్ముతున్నాం.

మరుసటి నెల, ఏప్రిల్ 23న, లాస్ ఏంజెలెస్ నుంచి మ్యూనిక్ వెళ్తున్న లుఫ్తాన్సా ఎ380లో 461 మంది ప్రయాణికులున్నారు. బిజినెస్ క్లాసులో ఒకరి ట్యాబ్ సీటులో ఇరుక్కుంది. సీటు కదలికల వల్ల అప్పటికే ట్యాబ్ వంగిపోయిందని ఆ సంస్థే ప్రకటించింది. ముందున్నది అట్లాంటిక్. విమానాన్ని బోస్టన్‌లో దింపి ట్యాబ్‌ను తీశాకే మళ్లీ ఎగిరారు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఇదే సంస్థ విమానంలో మనవాళ్లు వెళ్తున్నారు, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటుతున్నారు. అలా ట్యాబ్ ఇరుక్కున్న సీటులో రేపు మన ఇంటి మనిషి కూర్చోవచ్చు.

ఈ రెండు చోట్లా మంట రాకముందే మేలుకున్నారు. మంట వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న క్వాంటాస్ ఎ380లో ఒక సీటు నుంచి పొగ వచ్చింది. సిబ్బంది మంట ఆర్పి చూస్తే సీటు యంత్రంలో నలిగిపోయిన ఫోన్‌లాంటి పరికరం దొరికింది. 2019 జులైలో న్యూయార్క్ నుంచి లండన్ వెళ్తున్న వర్జిన్ అట్లాంటిక్ విమానం బోస్టన్‌లో అత్యవసరంగా దిగింది. సీటు మెత్తల మధ్య ఒక పవర్ బ్యాంకు అంటుకుంది.

ఫోన్ నలిగితే మంట ఎందుకు వస్తుంది? బ్యాటరీలో రెండు ధ్రువాల పొరల మధ్య కాగితం కంటే పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. ఆ రెండు ధ్రువాలనూ తగలకుండా ఆపుతున్నది అదొక్కటే. బ్యాటరీ వంగినా, గుచ్చుకున్నా, నలిగినా ఆ పొర చిరుగుతుంది, లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పుట్టిన వేడి కొత్త రసాయన చర్యలను రేపుతుంది, వాటి నుంచి ఇంకా వేడి పుడుతుంది. కాసేపట్లో మండే ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. ఇలా వేడి వేడిని పెంచుతూ పోవడాన్ని ఇంజనీర్లు థర్మల్ రన్‌అవే అంటారు. ఒకసారి మొదలైతే స్విచ్ కట్టేసినా ఆగదు. బిజినెస్ క్లాసులో మంచంలా పరుచుకునే సీటు కింద మోటార్లు, లోహపు చేతులు, కత్తెరలా మూసుకునే కీళ్లు ఉంటాయి. మధ్యలో ఫోన్ ఉందని మోటారుకు తెలియదు. అది నొక్కుతూనే ఉంటుంది. ఎకానమీలో మోటార్లు లేకపోయినా వాలే వీపు, మడిచే చేతిపట్టు, కింది పట్టాల మధ్య ఫోన్‌ను నలిపే చోట్లకు కొదవ లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని, చేతి సంచిలోనే తెచ్చుకోమని ఎయిర్‌పోర్టులో ఎందుకంటారు? బ్యాటరీ అంటుకుంటే మనుషుల కంటికి కనబడాలి, చేతికి అందాలి. బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్న అంతర్జాతీయ నియమానికి ఆధారం ఈ ఆలోచనే. 100 వాట్-అవర్ల దాకా బ్యాటరీని క్యాబిన్‌లోకి తేవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. మనం వాడే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో దాదాపు 74 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. విడి బ్యాటరీలు కింద సామాను గదిలోకి వెళ్లకూడదు.

ఇలాంటి నియమాల వెనక పోయిన ప్రాణాలూ ఉన్నాయి. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ సరుకు విమానం బోయింగ్ 747లో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. వెనక్కి తిరిగి దిగబోతూ విమానం కూలిపోయింది, పైలట్లిద్దరూ చనిపోయారు. ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడి సరుకుగా పంపడాన్ని 2016లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది.

ఇప్పుడు సీటులోకి జారిన ఫోన్ సంగతి ఆలోచించండి. కంటికి కనబడాలి, చేతికి అందాలి అని క్యాబిన్‌లోకి రానిచ్చిన బ్యాటరీ కంటికీ కనబడదు, చేతికీ అందదు. చేతిలో ఉన్న ఫోన్ అంటుకుంటే అవతల పడేయొచ్చు. సిబ్బంది మంటలార్పే హాలాన్ వాయువుతో మంట ఆర్పుతారు, తర్వాత నీళ్లు పోస్తారు. హాలాన్ పైకి కనిపించే మంటను అణుస్తుంది కానీ బ్యాటరీ లోపలి వేడిని తీయలేదు. చల్లార్చేది నీళ్లే. సీటు అడుగున, కీళ్ల మధ్య, మెత్త కింద ఇరుక్కున్న ఫోన్ దాకా ఆ నీళ్లు ఎలా చేరతాయి? పొగ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికే నిమిషాలు పోతాయి. ఆకాశంలో నిమిషాలు ఎంత విలువైనవో 1998 సెప్టెంబరు 2న స్విస్ ఎయిర్ 111లో తెలిసింది. అక్కడ కారణం ఫోన్ కాదు, కనబడని చోట విద్యుత్ తీగల దగ్గర పుట్టిన మంట. పైలట్లకు మొదటి వాసన తగిలిన దాదాపు 21 నిమిషాల తర్వాత విమానం కెనడా తీరంలో సముద్రంలో పడింది, 229 మంది పోయారు. కనబడే మంట కన్నా కనబడని మంట ప్రమాదం. మా ఉద్యమానికి మూలసూత్రం ఇదే.

సీటు కదపడం ఎంత పని చేస్తుందో చెప్పే ఇంకో ఘటన ఉంది, ఇందులో మంట లేదు. 2014 ఫిబ్రవరి 9న బ్రిటన్ వాయుసేన వాయేజర్ విమానం 198 మందితో అఫ్గానిస్థాన్‌కు వెళ్తోంది. కెప్టెన్ సొంత కెమెరా ఆయన సీటు చేతిపట్టుకూ విమానాన్ని నడిపే సైడ్ స్టిక్‌కూ మధ్య ఉండిపోయింది. ఆయన సీటును ముందుకు జరపగానే కెమెరా స్టిక్‌ను నెట్టింది. 27 సెకన్లలో విమానం 4,400 అడుగులు కిందికి పడిపోయింది. గాలిలో తేలి కప్పుకు కొట్టుకుని కొందరికి గాయాలయ్యాయి. వాడే మనిషి మరిచిపోయిన వస్తువు, దాని మీదికి జరిపిన సీటు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఇంతకన్నా వివరంగా చెప్పలేం.

ఇవన్నీ ఎక్కడివో అనుకునేవాళ్లు మన చుట్టూ చూడండి. 2016 సెప్టెంబరులో సింగపూర్ నుంచి చెన్నై వస్తున్న ఇండిగో విమానంలో తల మీది సామాను అరలో ఒక సామ్‌సంగ్ నోట్ 2 ఫోన్ పొగలు కక్కింది. సిబ్బంది ఆ వరుసలోని వాళ్లను జరిపి, మంట ఆర్పి, ఫోన్‌ను టాయిలెట్‌లో నీళ్లలో ముంచారు. 2022 ఏప్రిల్‌లో దిబ్రూగఢ్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఒకరి ఫోన్ నుంచి నిప్పురవ్వలు, పొగ వచ్చాయి. రెండు చోట్లా సిబ్బంది చేతులకు ఫోన్ అందింది, అందుకే ఎవరికీ ఏమీ కాలేదు.

నేల మీద ఏమైందో తెలుగువాళ్లకు ఇంకా బాగా తెలుసు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో రేగిన పొగ పై అంతస్తుల్లోని లాడ్జిని కమ్మేసి 8 మందిని బలి తీసుకుంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు ఒక బైకును ఈడ్చుకెళ్లి తగలబడింది. బస్సులో ఉన్న 19 మంది కాలిపోయారు. అడుగున సామాను అరలో 234 స్మార్ట్ ఫోన్ల పార్సిల్ ఉందని, ఆ బ్యాటరీలు పేలడంతో మంట తీవ్రమైందని ఫోరెన్సిక్ నిపుణులు చెప్పినట్టు పత్రికలు రాశాయి. ఆ దారిలో మా ఐటీ కారిడార్ పిల్లలు ఎన్ని వారాంతాలు ప్రయాణం చేశారో మాకు తెలుసు. బస్సులోంచి దూకి బతికినవాళ్లు ఉన్నారు. 35,000 అడుగుల మీద దూకే దారి లేదు.

మేము భయం పుట్టించడానికి పూనుకోలేదు. ఎగురుతున్న ప్రయాణికుల విమానం ఒక ఫోన్ వల్ల కూలిందని ఇంతవరకు ఏ దర్యాప్తూ తేల్చలేదు. విమానం మన ఔటర్ రింగ్ రోడ్డు కంటే ఎంతో సురక్షితమని మాకు తెలుసు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ లెక్కల్లో 2024లో విమానాల్లో లిథియం బ్యాటరీల పొగ, మంట, విపరీతమైన వేడి ఘటనలు 89. కోట్ల మంది ప్రయాణాల మధ్య అది చిన్న అంకెగా కనబడవచ్చు. వాటిలో చాలాసార్లు ఎవరో ఒకరు సమయానికి చూశారు, చెప్పారు, ఆర్పారు. అది చిన్న అంకెగా మిగలడానికి కారణం వాళ్లే. ఆ చూసే కన్ను, చెప్పే నోరు మనవి కావాలని ఈ ఉద్యమం.

ఇక మా అసలు బాధకు వస్తాం.

ఈ వీధుల్లోంచి విమానం ఎక్కేది ఉద్యోగులు మాత్రమే కాదు. అమెరికాలో కూతురికి కాన్పు అంటే తల్లి బయలుదేరుతుంది. మనవడి బారసాలకు తాతయ్య వెళ్తారు. చాలామందికి అదే మొదటి విమానం. పిల్లలు కొత్త ఫోన్ కొనిచ్చి, వాట్సాప్ కాల్ ఎలా చేయాలో పదిసార్లు నేర్పి, మెడలో పాస్‌పోర్టు సంచి వేసి, వీల్‌చెయిర్ బుక్ చేసి పంపుతారు. ఆ ఫోనే వాళ్లకు కొడుకు, కూతురు, ధైర్యం. నిద్రలో అది ఒడిలోంచి జారి సీటు సందులో పడితే ఆ తల్లి ఏం చేస్తుంది? కంగారుగా లేస్తుంది. కుషన్ లాగుతుంది. పక్కాయన సాయం చేద్దామని సీటు వెనక్కి వాలుస్తాడు, ముందుకు లేపుతాడు. ఇద్దరూ మంచివాళ్లే, చేస్తున్నది మాత్రం ప్రమాదం. ఎయిర్‌హోస్టెస్‌ను పిలవాలంటే ఆ తల్లికి భయం. ఇంగ్లీషు రాదు. ఏమైనా అంటారేమో. నా వల్ల ఇంతమందికి ఇబ్బంది ఎందుకు అనుకుంటుంది. ఈ అలవాటు మనలో చాలా లోతుగా ఉంది. ఇంట్లో అది సంస్కారం కావచ్చు. విమానంలో సీటు కింద ఫోన్ నలుగుతున్నప్పుడు అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంగ్లీషు బాగా వచ్చిన మాలోనూ ఇదే ఉంది. ఫోన్ పోయిందని చెబితే విమానం వెనక్కి తిప్పుతారేమో, అందరూ నన్నే చూస్తారేమో, కనెక్షన్ ఫ్లైట్ పోతుందేమో, రేపు ఆఫీసులో మీటింగ్ ఏమవుతుందో అని ఆలోచిస్తాం. దిగాక చూసుకుందాంలే అనుకుంటాం. ఈ ఆలోచనను మార్చడమే మా మొదటి పని. ఫోన్ పోయిందని వెంటనే చెప్పినవాళ్లు విమానాన్ని ఆలస్యం చేసినవాళ్లు కారు, కాపాడినవాళ్లు. ఓర్లీలో వెనక్కి దిగిన విమానంలో ఆ మాట చెప్పిన ప్రయాణికుడు ఎవరో మాకు తెలియదు. ఆ మనిషికి మా నమస్కారం.

కాబట్టి మేము కోరుతున్నాం.

హైదరాబాద్ నుంచి ఎగిరే, హైదరాబాద్‌కు వచ్చే ప్రతి విమానంలో టేకాఫ్‌కు ముందు చెప్పే భద్రతా సూచనల్లో ఈ మాట తెలుగులో వినిపించాలి. కొన్ని విమాన సంస్థలు ఫోన్ జారితే సీటు కదపొద్దని ఇప్పటికే చెబుతున్నాయి. ఇంగ్లీషులోనో హిందీలోనో చెబితే మా తల్లిదండ్రులకు అందదు. రెండు వాక్యాలు, పది సెకన్లు. రికార్డు చేసి ఇవ్వడానికి మా దగ్గర గొంతులున్నాయి, ఖర్చు లేకుండా చేసిస్తాం. సీటు ముందు జేబులో ఉండే భద్రతా కార్డు మీద బొమ్మ ఉండాలి. అక్షరం రాని మనిషికి కూడా అర్థమయ్యే బొమ్మ: సందులో ఫోన్, కదపకూడని సీటు, నొక్కాల్సిన బటన్.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ దీన్ని సంస్థల ఇష్టానికి వదలకూడదు. సీటు బెల్టు ప్రకటన ఎలా తప్పనిసరో ఇదీ అలాగే తప్పనిసరి కావాలి. నియంత్రణ సంస్థలు కదలగలవని ప్రపంచం చూసింది. 2025 జనవరి 28న దక్షిణ కొరియా బుసాన్‌లో నేల మీద ఉన్న ఎయిర్ బుసాన్ విమానం తల మీది అరలో రేగిన మంటతో తగలబడింది. పవర్ బ్యాంకు మీద అనుమానం వచ్చింది. అందరూ బతికి బయటపడ్డారు. నెల తిరిగేసరికి, మార్చి 1 నుంచి, పవర్ బ్యాంకులను తల మీది అరలో పెట్టకూడదని కొరియా ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ తన విమానాల్లో పవర్ బ్యాంకు వాడకాన్నే ఆపేసింది. మనుషులు పోయాక కాకుండా పోకముందే నియమం రావచ్చని బుసాన్ చూపించింది. మన దేశంలో జారిన ఫోన్ విషయంలోనూ అలాగే జరగాలి.

సీట్లు తయారు చేసేవాళ్లనూ, కొనేవాళ్లనూ అడుగుతాం. కుషన్‌కూ చేతిపట్టుకూ మధ్య సందును గుడ్డతోనో రబ్బరుతోనో మూయండి. మోటారుకు అడ్డం తగిలితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు చేయండి. కారు కిటికీ అద్దానికి చెయ్యి అడ్డొస్తే ఆపగలిగిన ఇంజనీర్లకు సీటును ఆపడం కష్టమేమీ కాదు. మా పక్కనే బీహెచ్ఈఎల్ ఉంది. యంత్రాల మధ్య జీవితమంతా గడిపి రిటైరైన పెద్దలు మా కాలనీల్లో ఉన్నారు. ఈ సంగతి వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన అవసరం రాదు. వాళ్లు మాతో రావాలని అడుగుతున్నాం.

ఫోన్ పోయిందని చెప్పినవాళ్లను సిబ్బంది విసుక్కోకూడదు, జరిమానా అన్న మాట రాకూడదు. ఇది విమాన సంస్థలు రాతలో హామీ ఇవ్వాలి. ఒకసారి గద్దిస్తే, ఆ వరుసలో ఉన్న పది మంది మళ్లీ ఎప్పుడూ నోరు విప్పరు. అలాగే మేము సిబ్బందిని గౌరవిస్తాం. ట్రేలు అందించే మనుషులుగా మాత్రమే వాళ్లను చూడటం మానేస్తాం. పొగ వచ్చిన క్షణాన హాలాన్ సీసా, నీళ్లు, చేతి తొడుగులతో పరుగెత్తి వచ్చేది వాళ్లే.

దిగిన తర్వాతి సంగతి ఎక్కువమంది ఆలోచించరు. ఔటర్ మీద క్యాబ్‌లో సగం దారి వచ్చాక జేబు తడుముకుని ఫోన్ లేదని గుర్తించేవాళ్లు ఎందరో. ఫోన్‌లో ఉన్న బ్యాంకు యాప్‌ల గురించి, ఫోటోల గురించి కంగారు పడతాం. న్యాయమే. కానీ దేశీయ విమానం అరగంట, నలభై నిమిషాల్లో మళ్లీ జనంతో ఎగిరిపోతుంది. మన ఫోన్ ఆ సీటులోనే ఉంటుంది. దాని మీద కొత్త మనిషి కూర్చుంటాడు, సీటు వాలుస్తాడు. పోయింది మన సొమ్మే అయినా ప్రమాదం ఆ మనిషిది. కాబట్టి గుర్తించిన క్షణాన క్యాబ్ డ్రైవరు ఫోన్ నుంచి అయినా సరే విమాన సంస్థకు చెప్పాలి. ఫ్లైట్ నంబరు, సీటు నంబరు చెప్పాలి. శంషాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదు పోగొట్టుకున్న వస్తువుల కౌంటర్లో కాగితంగా మిగిలిపోకుండా విమానం తలుపు మూసేలోపు ఆ సీటు దగ్గరికి చేరే దారి ఉండాలని ఎయిర్‌పోర్టు నిర్వాహకులను, సంస్థలను కోరుతున్నాం. గేటు దగ్గర చోటు లేదని చేతి సంచిని తీసుకుని కింద సామాను గదిలోకి పంపేటప్పుడు, లోపల పవర్ బ్యాంకు ఉందా అని ప్రతిసారీ నోటితో అడగాలి. మనమూ అడగకముందే తీసి చేతిలో పెట్టుకోవాలి.

ఐటీ కంపెనీలకు మా మాట: ఉద్యోగిని ప్రయాణానికి పంపేటప్పుడు మీ ట్రావెల్ డెస్క్ టికెట్‌తో పాటు ఈ సూచన పంపాలి. సమాచార భద్రత మీద ఏటా పరీక్ష పెడుతున్నారు. ఆఫీసు ల్యాప్‌టాప్ పోతే ఎవరికి చెప్పాలో ప్రతి ఉద్యోగికీ నేర్పుతున్నారు. ఆ ల్యాప్‌టాప్ విమానంలో ఎక్కడ పోయింది, సీటు కింద నలుగుతోందా అన్నది కూడా అదే పాఠంలో చేర్చండి. ఉబ్బిన బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌తో ఎవరినీ విమానం ఎక్కించకండి, వెంటనే మార్చి ఇవ్వండి.

మేము చేయబోయే పనులు చిన్నవి. ఉద్యమంలో చేరడానికి రుసుము లేదు. ఫోన్ కంపెనీల నుంచి, బ్యాటరీ కంపెనీల నుంచి, విమాన సంస్థల నుంచి డబ్బు తీసుకోం. మొదట మా క్లబ్‌హౌసుల్లో సాయంత్రం పూట కూర్చుంటాం. పాత విమాన సీటు దొరికితే తెచ్చి పెడతాం, లేకపోతే వాలు కుర్చీతోనే చూపిస్తాం: ఫోన్ ఎటు జారుతుంది, ఎక్కడ ఇరుక్కుంటుంది, చెయ్యి ఎందుకు పెట్టకూడదు. ముందుగా విదేశాలకు వెళ్లే అమ్మానాన్నలను పిలుస్తాం. వేసవి సెలవుల ముందు, డిసెంబరు ముందు తప్పనిసరిగా పిలుస్తాం.

ట్రాన్సిట్ ఎయిర్‌పోర్టులో చూపించమని పిల్లలు ప్రింట్ తీసి ఇచ్చే కాగితం మనందరికీ తెలుసు. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు: నాకు వీల్‌చెయిర్ కావాలి, నేను శాకాహారిని, నా తర్వాతి విమానం ఏ గేటులో. ఆ కాగితంలో ఇంకో వాక్యం చేరుస్తాం: నా ఫోన్ సీటులో పడిపోయింది, దయచేసి తీసివ్వండి. ఆ తల్లి నోరు విప్పనక్కర్లేదు. బటన్ నొక్కి, కాగితం మీద వేలు పెట్టి చూపిస్తే చాలు. అన్ని పనుల్లోకీ ఇది ముఖ్యమని మేము అనుకుంటున్నాం. మిగిలినవాటికి నియమాలు రావాలి, సంస్థలు కదలాలి, సీట్లు మారాలి. దీనికి ఇవాళే ఇంట్లో ప్రింటర్ ఉంటే చాలు.

కొన్ని అలవాట్లు మాకు మేమే పెట్టుకుంటున్నాం. టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో ఫోన్‌ను ఒడిలో వదలం. విమానం ముక్కు పైకెత్తినప్పుడు, బ్రేకు వేసినప్పుడు నేల మీద పడిన ఫోన్ నాలుగు వరుసల అవతలికి జారిపోతుంది. నిద్రపోయే ముందు ఫోన్‌ను జిప్పు ఉన్న సంచిలో పెడతాం. పవర్ బ్యాంకును దిండు కింద, దుప్పటి కింద పెట్టం. వాచీ ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసి ఉంటే సీటు కదపకుండానే ఫోన్ మోగించి చోటు కనిపెట్టవచ్చు, దాన్ని నేర్చుకుంటాం, పెద్దలకు నేర్పుతాం. వేడెక్కిన, ఉబ్బిన, పొగ వస్తున్న వస్తువును దాచిపెట్టం. మంట వచ్చిన ఫోన్ మీద దుప్పటి కప్పం, చేత్తో పట్టుకుని పరుగెత్తం. సిబ్బందికి దారి వదులుతాం. వీడియో తీస్తూ నిలబడం.

పక్క సీటు మనిషి ఫోన్ కోసం వెతుకుతుంటే చూస్తూ ఊరుకోం. ఆగమంటాం, మేమే బటన్ నొక్కుతాం. తెలుగు తెలియని సిబ్బందికి, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు మధ్య మాట మేము చెబుతాం. ఉద్యమ సభ్యుడంటే మా దృష్టిలో ఇదొక్కటే అర్హత.

తెల్లాపూర్‌లో మొదలైనా ఇది తెల్లాపూర్‌ది మాత్రమే కాదు. విజయవాడ, విశాఖ, తిరుపతి, రాజమండ్రి ఎయిర్‌పోర్టుల నుంచి ఎగిరే తెలుగువాళ్లు, బెంగళూరు, చెన్నై నుంచి ఎక్కేవాళ్లు, గల్ఫ్‌లో చెమటోడ్చి రెండేళ్లకోసారి ఇంటికి వచ్చే నిజామాబాద్, కరీంనగర్, కడప అన్నలు, అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు అందరూ దీన్ని తమదిగా తీసుకోవచ్చు. ప్రణాళికను మార్చుకోండి, మీ యాసలో చెప్పుకోండి. మా పేరు పెట్టనక్కర్లేదు.

ఈ నెలలో మీ ఇంటి నుంచి ఎవరు విమానం ఎక్కబోతున్నారో చూడండి. వాళ్ల సూట్‌కేసు సర్దేలోపు పక్కన కూర్చోబెట్టుకుని ఈ సంగతి చెప్పండి, ఆ కాగితంలో ఆ ఒక్క వాక్యం చేర్చి చేతికివ్వండి.